విదేశములకు చీరలమ్ముట: మన సంఘము చేయదగిన పని
(ఆత్మకూరు మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఆత్మకూరునకు చేరువనున్న అమరచింతయందును, గద్వాల, రాజోలులయందును మనవారి మగ్గములు ఇంకను ఆడుచున్నవి. ఒంటికి నూలు, అంచునకు కొంగునకు పట్టు గూర్చి నేయు గద్వాల చీర భౌగోళిక గుర్తింపును బడసినది. పూర్వము సంస్థానముల ఆదరణ యుండెను. నేడు అమెరికాలోని తెలుగు గృహిణి సెల్‌ఫోనులో బొమ్మ జూచి నేరుగా నేతగానినే చీర యడుగుచున్నది. ఇది మనకు అదృష్టమే. కాని చీర నేయనేర్చిన మనలో పెక్కండ్రకు దానిని ఆవలి గడపకు జేర్చి సొమ్ము నిలుపుకొను విధము తెలియదు.

మా యనుభవమునే విన్నవింతుము. ఒకపరి విదేశమునకు రెండు చీరలు పంపితిమి. సొమ్ము కార్డుద్వారా ముందే వచ్చెను. కట్ట అచ్చటి సుంకపుశాలలో నాగెను. సుంకమెవరు చెల్లింపవలెనో మేము ముందుగా చెప్పలేదు. కొన్నయామె చెల్లింపనొల్లక, తన బ్యాంకునకు ఫిర్యాదు చేసి సొమ్ము వెనుకకు దీసికొనెను. కొన్ని నెలలకు చీరలు నలిగి తిరిగి వచ్చెను. రానుపోను కూలి మాపై బడెను. ఆ నెల మగ్గమునకు పట్టు కొనుటకు అప్పు చేసితిమి. తప్పు కొంత మాదే.

సుంకముల సంగతి నమ్మదగినది కాదు. 2025 ఆగస్టు 27న మన వస్త్రములపై అమెరికా అదనపు సుంకము 50 శాతమయ్యెను. 800 డాలర్లలోపు కట్టలకుండిన మినహాయింపు 29న తొలగెను. మన తపాలాశాఖ ఆ దేశమునకు కట్టలు నిలిపి, అక్టోబరు 15న మరల పంపసాగెను. కావున పంపునాటి రేటు తెలిసికొని, సుంకభారమెవరిదో వ్రాతమూలముగా నిశ్చయించుకొనవలెను. కొందరు "కానుకయని వ్రాసి వెల తగ్గింపుడు" అని కోరుదురు. అది అబద్ధము, నేరము. పైగా కట్ట పోయినచో వ్రాసిన వెలకు మించి పరిహారము రాదు.

కొరియరువారు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటిమీటర్లలో గుణించి 5000 చేత భాగింతురు. ఆ లెక్క అసలు తూకమునకు మించినచో దానికే కూలి గట్టుదురు. చిన్న చీరకు పెద్ద పెట్టె వాడుట గాలికి కూలి యిచ్చుటయే.

ఇక సొమ్ము. పేపాల్ వంటి మధ్యవర్తులు విదేశపు సొమ్ము తెచ్చియిత్తురుగాని, రుసుమును, మారకపు వ్యత్యాసమును మినహాయించుకొందురు. ఎగుమతిదారునకు ఐ.ఇ.సి. సంఖ్య కావలెను. దాని రుసుము 500 రూపాయలే. అయినను ఏటేట ఏప్రిలు, జూను నెలల నడుమ దానిని ధ్రువపరుపవలెను. బ్యాంకు పత్రములు, జి.ఎస్.టి. పత్రములు వేరు. రోజంతయు మగ్గముకడ కూర్చుండువాడు ఇవన్నియు ఎప్పుడు చూచుకొనును? చూచుకొనలేకయే మరల షావుకారు గడప దొక్కుచున్నాడు.

కావున మా మనవి యిది. సంఘము పేర ఒక ఐ.ఇ.సి.యు, ఒక బ్యాంకు ఖాతాయు, చదువుకొన్న యువకులిద్దరును ఏర్పడవలెను. 2022 నుండి తపాలాశాఖ నెలకొల్పిన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రములద్వారా ఎగుమతి బిల్లును ఆన్‌లైనులోనే సమర్పింపవచ్చును. అమ్మిన ప్రతి చీరనుండి కొంత సొమ్ము నిధికి జేర్చి, తిరిగి వచ్చిన కట్టల నష్టమును దానినుండి భరింపవలెను.

"ఒకని యజాగ్రత్తకు అందరేల నష్టపడవలెను?" అని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. అందుకే ప్రతి చీరను సంఘము పరీక్షించి, ఫొటో దీసి, పత్రము వ్రాసి పంపవలెను. ఆ నియమము దప్పినవానికి నిధి వర్తింపరాదు.

కుప్పడపు అంచు నేయునపుడు మగ్గముకడ ఇద్దరు కూర్చుందురని మీకు తెలియనిది కాదు. అమ్మకమునందును నేతగానికి తోడొకరు కావలెను. ఆ తోడు సంఘమే కావలెనని ప్రార్థించుచు, పోషకులు ఈ నిధికి తొలి చందా నొసంగుదురని నమ్మి విరమించుచున్నాము.