మోకాల్లో సిమెంట్ నీళ్లు తాగుతుందా?

మీ మామ్మకి మోకాలు మార్చారా? కొత్త కీలుని ఎముకకి పట్టించే సిమెంట్ ఇల్లు కట్టేది కాదు, పీఎంఎంఏ అనే ప్లాస్టిక్. ఎక్స్‌రేలో సరిగా కనబడదు. అందుకే బేరియం సల్ఫేట్ లాంటి పొడి కలుపుతారు. రాయలసీమలో మంగంపేట ముగ్గురాయి ఉంది చూశారా, అందులో ఉండేదీ ఇదే! (మందుకి వాడేది బాగా శుద్ధి చేసింది లెండి.)

ఈ పొడి ప్లాస్టిక్‌కి గట్టిగా అతుక్కోదు. ఆ సందుల్లోకీ, ప్లాస్టిక్‌లోకీ ఒంట్లో నీరు మెల్లగా ఇంకుతుంది, బరువులో ఒకటి రెండు శాతం. సిమెంట్‌లో జెంటామైసిన్ కలిపితే, ఆ నీటిలో కరిగే మందు బయటికొస్తుంది. అయితే ఎక్కువగా మొదటి కొన్ని రోజుల్లోనే, అదీ పైపొరల నుంచే. మిగతాదంతా లోపలే ఇరుక్కుపోతుంది.

అందుకే ఆరు నెలలకి మోకాలు వాచి, వేడెక్కితే "సిమెంట్‌లో మందుంది కదా" అని ఊరుకోకండి. ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి వెంటనే చూపించండి.