వేదనయు విద్యుత్తును



సంస్కృతమున ‘వేదన’ యను మాటకు ఎఱుక యనియు, నొప్పి యనియు రెండర్థములు గలవు. కాలిలో ముల్లు నాటినచో నొప్పి ఆ సంగతిని మెదడునకు ఎఱిగించును. ముల్లు తీసి పుండు మానగనే శాంతించును. అట్టి నొప్పి శరీరమునకు హితము చేయు వార్తాహరి. కాని కొందఱికి గాయము మానినను, నరములు చెడి, వార్త మాత్రము ఆగక వచ్చుచునే యుండును. అప్పు తీఱినను పత్రము రద్దుకాని ఋణస్థుని దుస్థితి వంటిది యిది. కంటికి పుండు కానరాదు గనుక ఇంటివారు దానిని నటన యనుకొనుట రోగికి రెండవ శిక్ష.

విద్యుత్తుతో నొప్పి నణచు యత్నము క్రొత్తది కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున స్క్రిబోనియస్ లార్గస్ అను రోమక వైద్యుడు తలనొప్పికిని, వాతరక్తమునకును విద్యుత్తు గల టార్పెడో చేపను తాకింపవలెనని వ్రాసెను. 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు ‘ద్వార సిద్ధాంతము’ను ప్రకటించిరి. స్పర్శను తెచ్చు పెద్ద నరతంతువులు మేల్కొన్నచో, నొప్పిని తెచ్చు సన్నని తంతువులకు వెన్నుపాములోని ద్వారము మూతపడునని వారి వాదము. దెబ్బ తగిలిన చోటును తల్లి నిమురగనే బిడ్డ యూఱడిల్లుటను ఇందుకు ఉదాహరింపవచ్చును.

1967లో అమెరికాలో నార్మన్ షీలీ అను శస్త్రవైద్యుడు, ఊపిరితిత్తుల రాచపుండుతో బాధపడు ఒక వృద్ధుని వెన్నుపాముకడ విద్యుత్పరికరమును అమర్చెను. నొప్పి తగ్గెను. ఆ వృద్ధుడు కొలదికాలములోనే మరణించినను, ఇతరులకు త్రోవ యేర్పడెను.

నేటి వైద్యులు వెన్నుపామును కప్పిన పొరకు వెలుపల సన్నని తీగలను చొప్పించి, కొన్ని దినములు పరీక్షింతురు. నొప్పి సగమైనను తగ్గినచో, గుండెకు పెట్టు పేస్‌మేకరును పోలిన చిన్న యంత్రమును చర్మము క్రింద అమర్చెదరు. నడుము శస్త్రచికిత్స పిమ్మటను విడువని నొప్పికిని, మధుమేహముచే నరములు చెడి పుట్టు పాదముల మంటకును దీనిని వాడుచున్నారు.

జమ వ్రాసిన చేతితోనే ఖర్చును వ్రాయవలయును. తీగలు చోటు తప్పవచ్చును, చీము పట్టవచ్చును, మరల శస్త్రచికిత్స అవసరము కావచ్చును. 2022లో ప్రకటితమైన నార్వే పరీక్షలో, నడుము శస్త్రచికిత్స పిమ్మట కాలికి ప్రాకు నొప్పి గల 50 మందికి యంత్రము నమర్చి, వారికి తెలియకుండ కొంతకాలము నడిపి, కొంతకాలము ఆపిరి. ఆ రెండు కాలములకును చెప్పదగిన భేదము కానరాలేదు. 2023లో కోక్రేన్ సమీక్షయు నడుమునొప్పికి దీని ప్రయోజనమును శంకించెను. కావున ఆశతో పొలము నమ్ముకొనుటకు ముందు, తన నొప్పి యే జాతిదో, పరీక్షాదినములలో నడక, నిద్ర యెంత మెఱుగుపడినవో రోగి వైద్యుని అడిగి తెలిసికొనవలయును.

అంపశయ్యపై నున్న భీష్ముని బాణములను అర్జునుడు పెఱుకలేదు. తలకు ఆధారమును, దప్పికి నీటిని సమకూర్చెను. ఈ యంత్రమును రోగమును పెఱుకునది కాదు. ఫలించినచోట తలగడ వంటిది. యంత్రము దొరకనివారికి సైతము ఇరుగుపొరుగు ఈయదగిన తలగడ యొకటి కలదు. అది, బాధ చెప్పుకొనువాని మాటను నమ్ముట.

స్వస్తి.