ఎఱ్ఱ గడులు, తెల్ల గడులు

(తిరువూరు ప్రాంత పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



హీట్ మ్యాప్ అను మాట ఈ నడుమ కార్యాలయములలో తఱచుగా వినబడుచున్నది. హీటు అనగా వేడి, మ్యాపు అనగా పటము. తిరువూరు ఎండ నెఱిగిన మీకు ఇది రోహిణీ కార్తె పటమని తోచవచ్చును గాని, ఎండతో దీనికి పని లేదు. అంకెలకు బదులు రంగులు నింపిన పట్టిక యిది. ఎక్కువ యున్నచోట ముదురు ఎఱుపు, తక్కువ యున్నచోట లేత రంగు, ఏమియు లేనిచోట తెలుపు. 1873లోనే తూసా లువా అను గణాంకవేత్త పారిస్ నగరపు 20 విభాగముల లెక్కలను ఇట్లే గడులు గీచి రంగులలో చూపెను. విద్య పాతదే, దానిని నేడు వాడుకొనుచున్న యంత్రము క్రొత్తది.

మీ ఫోనునకు ప్రత్తి విత్తనముల ప్రకటనయో, నగల దుకాణపు ప్రకటనయో వచ్చునపుడు అవతల మనిషి కూర్చుండి నంబర్లు నొక్కుచున్నాడని తలపకుడు. యంత్రమే జాబితా చూచి పిలుచును. ఎవరు ఎత్తిరి, ఎంతసేపు వినిరి, ఎవరు వెంటనే తెంచిరి అనునది తానే వ్రాసికొనును. వారమునకు 7 దినములు, దినమునకు 24 గంటలు, వెరసి 168 గడులు. ఎఱ్ఱనైన గడికి మరునాడు మరికొన్ని పిలుపులు పంపును. తెల్లని గడిని క్రమముగా విడిచిపెట్టును. కొననివాని గుమ్మము ముందు కేకలు వేయుటెందుకని వర్తకుని యోచన. అందు మేము తప్పు పట్టము. ఇట్టి పిలుపులు వలదనువారు 1909 నంబరునకు తెలుపుకొను ఏర్పాటు కూడ కలదు.

ప్రభుత్వ కార్యములలోను ఇట్టి సాధనములు ప్రవేశించినవి. ప్రజాభిప్రాయము నడుగు యంత్రపు పిలుపులు మీకు పరిచితములే. 2025 జనవరి 30న వాట్సాప్ ద్వారా ‘మన మిత్ర’ సేవలు ఆరంభమైనవి. ఇచటనే మనము జాగరూకులమై యుండవలెను. వర్తకుని లెక్కతో పంచాయతీ లెక్క వేయరాదు.

ఒక లెక్క వేసి చూతము. అంకెలు మేము కల్పించినవి. వైద్యశిబిరమును గూర్చి యంత్రము ఒక గ్రామమున 1000 ఫోనులకు, ప్రక్క తండాలో 80 ఫోనులకు పిలుపులు పంపినది. గ్రామమున 200 మంది, తండాలో 40 మంది కడవరకు వినిరి. వినినవారి సంఖ్యను బట్టి రంగు వేసినచో గ్రామము ఎఱ్ఱనై, తండా వెలవెలబోవును. చూచిన అధికారి “తండావారికి శ్రద్ధ లేదు” అనుకొనును. వాస్తవమున గ్రామమున విన్నది నూటికి 20 మంది, తండాలో నూటికి 50 మంది! పటమున జనసంఖ్యయే కనబడినది గాని శ్రద్ధ కనబడలేదు. ఆ లేత రంగును చూచి యంత్రము తండాకు పిలుపులు తగ్గించినచో నష్టమెవరిది? ఏ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబముల నేడ్పించినదో మీకు మేము చెప్పనక్కఱ లేదు. అట్టిచోట ఒక్క శిబిరపు వార్త తప్పిపోవుట చిన్న విషయము కాదు.

కావున పిలుపులు పంపిన కార్యాలయము నుండి రెండు లెక్కలు అడిగి తీసికొనుడు: ఏ గంటకు ఎన్ని పంపిరి, అందు ఎన్నింటిని కడవరకు వినిరి. రెండవదానిని మొదటిదానితో భాగించి, వచ్చినదానికే రంగు వేయవలెను. ఇక పిలుపే వెళ్ళని గడి వేరు, వెళ్ళినను విననివారి గడి వేరు. రెండింటిని తెల్లగా విడిచినచో భేదము తెలియదు. పిలుపు వెళ్ళని గడిలో అడ్డగీత గీయుడు.

వినని గడులకు కారణము యంత్రము చెప్పజాలదు. వార్డు సభ్యులే చెప్పగలరు. పగలు 11 గంటలకు ప్రత్తి తీయు కూలీ ఫోనెట్లు ఎత్తును? ఆ ఫోను చదువుకొను కుమారునితో విజయవాడలో నుండవచ్చును. తండాలోని వృద్ధురాలికి లంబాడీ మాటలలో చెప్పిన తెలిసినంతగా పుస్తక భాష తెలియకపోవచ్చును. (మా భాషయు అట్టిదే యని మీరు నవ్వుకొనుచుందురు.) వేళ మార్చినచో కొన్ని గడులు ఎఱ్ఱనగును. కొన్ని ఎన్నటికిని కావు. అచటికి చాటింపు, మైకు, ఆశా కార్యకర్త వెళ్ళవలసినదే. కట్టలేరు పొంగు రాత్రి మాత్రము పటము కొఱకు వేచియుండరాదు. ఏ యే యిండ్లకు మనిషిని పంపవలెనో వానకాలమునకు ముందే ఈ పటము నుండి వ్రాసి పెట్టుకొనుడు.

కంప్యూటరు లేనిచో బడిపిల్లల గళ్ళ కాగితమును, ఒక ఎఱ్ఱ పెన్సిలును చాలును. మీ గ్రామమున కడపటి గ్రామసభకు పంపిన పిలుపులతో ఆరంభింపుడు.