పునాది మరమ్మతుకు ఎంతవుతుంది?
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘ సభ్యుల్లో ఎక్కువమంది ఇళ్లు తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోనే ఉన్నవి. చాలావరకు తండ్రులు, తాతలు కట్టినవి. గోడ బీట వారిందంటే ఇంట్లో ఆడవాళ్లకు నిద్ర పట్టదు. మగవాళ్లు బంగారం కుదువ పెట్టి, వడ్డీకి తెచ్చి, ఎవరో చెప్పిన మాట మీద పని మొదలు పెట్టిస్తారు. పిల్ల పెళ్లికి దాచిన సొమ్ము గోతిలోకి పోయిన ఇళ్లు కూడా మాకు తెలుసు. అంచేత ఇవాళ డబ్బు సంగతే మాట్లాడుకుందాం. అసలు పునాది మరమ్మతుకు ఎంతవుతుంది? ఎప్పుడు అవసరం? ఎప్పుడు అవసరం లేదు?

ముందు నేల సంగతి. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు రేపల్లె అటు వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలింది. జిల్లాలు మారినా నేల మారలేదు గదా! తెనాలి చుట్టూ నల్లరేగడి. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. కాలువలు కట్టేసిన ఎండాకాలం నెలల్లో నేల కుంగుతుంది. కాలువలకు నీళ్లొచ్చి వానలు పడగానే మళ్లీ లేస్తుంది. ఇల్లు అంతా ఒక్క తీరున లేచి ఒక్క తీరున దిగితే బాధ లేదు. నడిమి గదుల కింద తడి అట్లాగే ఉండి, మూలలు మాత్రం ఎండిపోతవి. మూల దిగుతుంది, కిటికీ మూల నుంచి గోడ ఏటవాలుగా చీలుతుంది.

అయితే ప్రతి పగులూ పునాది పగులు కాదు. శ్లాబుకీ గోడకీ మధ్య అడ్డంగా వచ్చే గీత చాలాసార్లు ఎండకు శ్లాబు సాగడం వల్ల వచ్చేదే. పైపూతలో వెంట్రుకవాసి గీతలు పూత తాలూకువే. ఏటవాలుగా పోయి, కింద సన్నంగా, పైకి పోయేకొద్దీ వెడల్పుగా ఉండి, తలుపు కూడా పట్టేస్తుంటే అప్పుడు అనుమానించాలి. అప్పుడైనా వెంటనే తవ్వించకూడదు. పగులు మీద అడ్డంగా చిన్న గాజుముక్క సిమెంటుతో అతికించి, పక్కన పెన్సిలుతో తేదీ రాసి పెట్టండి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడాలి. దీనికయ్యే ఖర్చు పది రూపాయలు. చిటికెన వేలు దూరేంత పగులైనా, గోడ ఒరిగినా మాత్రం ఆగకుండా సివిల్ ఇంజనీరును పిలిపించాలి.

తెనాలిలో ఒక ఇంటి సంగతి చెబుతాం, పేర్లెందుకు. వంటింటి మూల బీట వారింది. చూడవచ్చిన మేస్త్రి, "భాయ్, గోడ మొత్తం తీసెయ్యాల్సిందే, మూడు లక్షలవుతుంది" అన్నాడు. మేము పోయి చూస్తే, అంట్లు తోమిన నీళ్లు ఏళ్ల తరబడి ఆ మూలనే ఇంకుతున్నవి. మేడమీది వాననీటి గొట్టం కూడా అక్కడే దిగింది. తూమును వీధి కాలువలోకి మళ్లించి, గొట్టం పొడిగించి, గోడ వెంట మూడడుగుల గచ్చు పోయించాం. అంతా కలిపి పాతిక వేలు దాటలేదు. ఏడాది గడిచాక పగులు ఆగిందని రూఢి చేసుకుని పూడ్చాం. ఆ ఇంటావిడ, "ఈ సంగతి ముందే ఎవరూ చెప్పలేదేం?" అని అడిగింది. గచ్చు పోసినందుకు వచ్చే కూలి తక్కువ, గోడ తీసి కట్టినందుకు వచ్చే కూలి ఎక్కువ. అంతకుమించి ఏం చెప్పగలం!

చెట్ల మాట కూడా ఇక్కడే. గోడ పక్కన పెద్ద వేపో రావో ఉంటే ఎండాకాలంలో నేలలోని తడి లాగేస్తుంది. అట్లా అని ఒక్కరోజులో నరికించకండి. ఇన్నాళ్లూ ఎండిన రేగడి మళ్లీ నీళ్లు తాగి గోడను పైకెత్తుతుంది. కొమ్మలు తగ్గిస్తూ రావడమే మేలు.

ఇక నిజంగానే గోడ దిగుతున్నదనుకుందాం. అప్పుడు చేసే పని పాత పునాది కిందకు కొత్త కాంక్రీటు పోయడం. లెక్క చెబుతాం, ఇది ఉదాహరణ మాత్రమే, మీ ఊళ్లో ఆ వారం రేట్లతో సరిచూసుకోవాలి. 32 అడుగుల గోడ, పాత పునాది రెండున్నర అడుగుల లోతు. ఇంకో రెండున్నర అడుగులు దింపాలి. గోడను నాలుగేసి అడుగుల ఎనిమిది ముక్కలుగా గుర్తు పెట్టి, మొదట 1, 4, 7 ముక్కలు, తరువాత 2, 5, 8, ఆఖరున 3, 6 తవ్వాలి. ఒక్కసారిగా వరసన తవ్వితే గోడ మనుషుల మీద పడుతుంది. పోసిన కాంక్రీటుకు వారం రోజులైనా నీళ్లు పట్టాకే పక్క ముక్క ముట్టుకోవాలి. అంటే పని నెలరోజులు. తొందర పెట్టేవాడికి ఈ పని ఇవ్వకండి.

రెండడుగుల వెడల్పున పోస్తే కాంక్రీటు 160 ఘనపుటడుగులు. సిమెంటు 28 బస్తాలు, బస్తా 350 చొప్పున 9,800 రూపాయలు. కంకర 140, ఇసుక 70 ఘనపుటడుగులు, తోలకంతో కలిపి 10 వేల దాకా. ఇరుకులో చేత్తో తవ్వాలి గనుక కూలీలు 28 మంది, 700 చొప్పున 19,600. మేస్త్రి పది రోజులు, 10 వేలు. గోడకు పోట్లు, నీళ్లు తోడే మోటారు, మట్టి పూడ్పు, చెడిన గచ్చు, పూత కలిపి 14, 15 వేలు. వెరసి 64 వేల దరిదాపు, అంటే గోడ అడుగుకు రెండు వేలు. గుత్తకిస్తే అతని లాభం కూడా చేరుతుంది, అది న్యాయమే. కాని ఇల్లంతటికీ కలిపి ఒక మొత్తం చెబితే ఒప్పుకోకండి. ఎన్ని అడుగుల గోడ, ఎంత లోతు అని కాగితం మీద రాయించుకోండి. కాంక్రీటు పోసేముందు ప్రతి గుంటా టేపుతో మీరే కొలవండి. ఫోటో తీయండి. ఒకసారి పూడ్చాక లోతు ఎవరికి తెలుస్తుంది? డబ్బు కూడా ముక్క ముక్కకూ ఇవ్వండి.

ఇంకొక నిజం. ఐదడుగులు దింపినా రేగడి కదలిక పూర్తిగా పోదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రేగడి నేలలకు రూపొందించిన, అడుగున ఉబ్బుగా ఉండే పైళ్లను మామూలుగా మూడున్నర మీటర్ల లోతుకు దింపుతారు. కొత్తగా కట్టేవాళ్లు ఆ పద్ధతి అడగండి. పాత ఇంటికి మాత్రం కింద కాంక్రీటు, పైన తూము, గచ్చు రెండూ కావాలి.

బాపట్లలో ఇసుక నేలల మీద కట్టిన ఇళ్ల సంగతి వేరు. ఇసుక ఉబ్బదు, కదలకుండా ఉంటే మంచి నేలే. నీళ్లు పారితేనే కొట్టుకుపోతుంది, పక్కవాళ్లు సెప్టిక్ ట్యాంకు గొయ్యి తీస్తే జారుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అట్లాంటి వానల్లో చూరు నీళ్లు పడేచోట పునాది బయటపడుతుంది. వంద అడుగుల చుట్టుకొలత ఇంటికి మూడడుగుల గచ్చు చుట్టూ పోస్తే 25 నుంచి 30 వేలు. మొదట పెట్టవలసిన ఖర్చు అదే.

రేపల్లె వైపు పల్లపు నేలల్లో కొద్దిలోతుకే నీళ్లు, సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు కూడా. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలినప్పుడు కరకట్ట వెంట ఉన్నవాళ్లు ఎంత భయపడ్డారో మీకు తెలుసు. అక్కడ పునాదిలో ఇనుము తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. మరమ్మతులో ఊచకు రెండంగుళాల కాంక్రీటు మందం కప్పాలి, స్లాగు సిమెంటు అడగాలి. ఉప్పునీళ్లతో కలపనివ్వకూడదు, మంచినీళ్ల ట్యాంకరు తెప్పించాలి. ట్యాంకరుకు, రోజంతా తిరిగే మోటారుకు అదనంగా తీసి పెట్టుకోకపోతే ఇందాకటి లెక్క తప్పుతుంది.

పని ఏ నెలలో పెట్టాలని అడుగుతారు. కాలువలు కట్టేసిన ఎండాకాలం నెలల్లోనే. నీళ్లు లోతుకు పోతవి, తోడకం తగ్గుతుంది, గుంట గోడలు జారవు. నెలరోజుల పని గనుక కూలీలతో ఏప్రిల్‌లోనే మాట్లాడుకోండి. కాలువలకు నీళ్లు వదిలేలోగా ఆఖరి గుంట పూడిపోవాలి.