కుర్చీ నుంచి దించే హక్కు ఎవరిది?



జగిత్యాల టవర్ దగ్గర చాయ్ తాగుతూనో, సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్యనో మున్సిపాలిటీ ముచ్చట మొదలైతే కాసేపటికి ఒక ప్రశ్న వస్తుంది: "చైర్మన్ దిగుతడా, దిగడా?" నన్ను అడిగితే, ఎవరు ఎక్కారన్న దానికంటే ఇదే పెద్ద ప్రశ్న. దీని వెనక ఈ ప్రాంతపు చరిత్ర చాలా ఉంది.

పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఊరికి మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ ఉండేవారు. శిస్తు వసూలు ఒకరిది, కాపలా ఒకరిది, లెక్కలు ఒకరివి. అవి వతను కొలువులు, తండ్రి తర్వాత కొడుక్కు వచ్చేవి. ఎవరి భూమి ఎవరి పేరున ఉందో పట్వారీ పహాణీలో ఏది రాస్తే అది. ఆయన తప్పు రాసినా ఆయన్ని దించే దారి రైతుకు లేదు. ఆ బాధ ఎంత లోతైనదో 1978 సెప్టెంబరులో జగిత్యాలకు నడిచి వచ్చిన కూలీలు, రైతులు చూపించారు. దాన్నే జగిత్యాల జైత్రయాత్ర అంటున్నాం. మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు తెచ్చి ఈ కొలువులన్నిటినీ ఒక్కసారిగా రద్దు చేసింది. కొలువులు పోయినవాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. టి. వెంకటరెడ్డి కేసులో 1985లో కోర్టు ఆ రద్దును సమర్థించింది. తరతరాలుగా ఎవరూ కదపలేని కుర్చీలను చట్టం కదపగలదని మన ఊళ్లకు అప్పుడు తెలిసింది.

తర్వాత మండలాలు వచ్చాయి. 1987లో మండలాధ్యక్షుణ్ణి ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. 1994 పంచాయతీరాజ్ చట్టంతో ఆ పని ఎంపీటీసీల చేతికి మారింది. ఎన్నుకునేది వాళ్లే కనుక అవిశ్వాసంతో దించే హక్కూ వాళ్లకే దక్కింది. సర్పంచి సంగతి వేరు. ఆయన్ని ఊరంతా ఎన్నుకుంటుంది, వార్డు సభ్యులు దించలేరు. తప్పు చేస్తే తొలగించేది కలెక్టరు. ఓటేసిన ఊరికి మాత్రం నడుమ ఏ పాత్రా లేదు. ఇది నాకు ఎప్పుడూ లోటుగానే కనిపిస్తుంది.

ఇక పట్టణాలకు వద్దాం. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం పాలకవర్గానికి మూడేళ్లు నిండాకే చైర్‌పర్సన్ మీద అవిశ్వాసం పెట్టాలి. సగం మంది సంతకాలతో కలెక్టరుకు నోటీసు ఇవ్వాలి, నెగ్గడానికి మూడింట రెండు వంతుల బలం కావాలి. 2020 ఎన్నికల నాటికి జగిత్యాలలో 48 వార్డులు, సిరిసిల్లలో 39, కోరుట్లలో 33. కౌన్సిలర్ల వరకే లెక్క చూస్తే జగిత్యాలలో 32 మంది, సిరిసిల్లలో 26 మంది, కోరుట్లలో 22 మంది ఒక్కమాట మీద నిలబడాలి. క్యాంపులు పుట్టేది ఇక్కడే. కౌన్సిలర్లను బస్సెక్కించి ఊరు దాటిస్తే వార్డులో నల్లా రాకపోయినా, మోరీ పొంగినా వినేవాడు ఉండడు. అయినా సరే, ఆ హక్కు కౌన్సిల్‌కు ఉండాలనే నేనంటాను. అది లేకపోతే ఐదేళ్లూ చైర్‌పర్సన్‌ను నిలదీసే గొంతు ఉండదు. మున్సిపల్ కమిషనర్‌ను ఎలాగూ ప్రభుత్వమే పంపుతుంది, ప్రభుత్వమే బదిలీ చేస్తుంది. కౌన్సిల్ చేతిలో మిగిలింది ఈ ఒక్క కుర్చీ.

అందుకే 2022 సెప్టెంబరులో జరిగింది నాకు నచ్చలేదు. మూడేళ్ల గడువును నాలుగేళ్లకు పెంచే బిల్లును శాసనసభ ఆమోదించింది. దాన్ని ప్రవేశపెట్టిన అప్పటి పురపాలక మంత్రి కె. తారక రామారావు సిరిసిల్ల ఎమ్మెల్యేనే. పదవిలో స్థిరత్వం ఉంటేనే పనులు సాగుతాయన్న వాదనలో బలం లేకపోలేదు. కానీ 2020 జనవరిలో ఎన్నికైన కౌన్సిలర్లు మూడేళ్ల లెక్క మీద పదవిలోకి వచ్చారు. ఆట నడుమ గీత జరపడం వాళ్లకు అన్యాయం. గడువు మార్చాలంటే రాబోయే ఎన్నికలకు మార్చాలి. బిల్లు మాత్రం గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ దగ్గర ఆగింది.

మూడేళ్లు నిండే వేళ, 2023 జనవరిలో, జగిత్యాల చైర్‌పర్సన్ రాజీనామా చేశారు. విషయం కౌన్సిల్‌లో ఓటు దాకా రానే లేదు. రాష్ట్రంలో అధికారం మారిన తర్వాత, 2024 జనవరిలో, నల్గొండలో అవిశ్వాసం నెగ్గింది. ఇంకా ఎన్నో పట్టణాల్లో నోటీసులు పడ్డాయి. అంతకు ఏడాది ముందు దాకా చైర్మన్ పక్కన కూర్చున్నవాళ్లే ఆ కాగితాల మీద సంతకాలు పెట్టారు.

2025 జనవరి 26తో ఆ పాలకవర్గాల గడువు తీరింది. మున్సిపాలిటీలు ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి. ఆ అధికారి నచ్చకపోతే నోటీసు మీద సంతకం పెట్టడానికి అప్పుడు ఒక్క కౌన్సిలరు కూడా మిగలలేదు.