బొమ్మ మాట్లాడుతుంటే కింద ఎవరున్నారు?

ఇవాళ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీతో ఒక చిన్న పని చేయించాలి. ఫోన్ ఎడమ చేతిలోకి తీసుకోండి. కుడి చెయ్యి తలకన్నా పైకి, నిటారుగా ఎత్తండి. మణికట్టు దగ్గర ముందుకు వంచండి. నాలుగు వేళ్లు పైన, బొటనవేలు కింద. ఇప్పుడది ఒక నోరు. నేను దించమనేదాకా దించకండి. బస్సులో ఉన్నవాళ్లకి మాత్రం మినహాయింపు. స్టాప్ అడుగుతున్నారనుకుని కండక్టర్ విజిల్ వేసేస్తాడు.

చెయ్యి పైన ఉంది కదా? సరే, ఇక విషయంలోకి వెళ్దాం.

ఒక ఇంట్లో మామూలు మనుషుల మధ్య ఒక బొమ్మ తిరుగుతూ, జోకులు వేస్తూ, సోఫాలో కూర్చుని గొడవపడుతూ ఉండే టీవీ కామెడీ సీరియళ్లు ఉన్నాయి. సిట్‌కామ్ అంటాం కదా, అవే. వీటిలో బాగా పేరున్నది అమెరికాలో 1986 సెప్టెంబర్ నుంచి 1990 మార్చి దాకా ఎన్‌బీసీ ఛానల్లో వచ్చిన 'ఆల్ఫ్'. మెల్మాక్ అనే గ్రహం నుంచి వచ్చిన ఒక బొచ్చు జీవి, టానర్ అనే కుటుంబం వాళ్ల గ్యారేజీ మీద కూలిపోతుంది. అక్కడే ఉండిపోతుంది. వాళ్లింటి పిల్లిని ఎప్పుడు తినేద్దామా అని చూస్తుంటుంది. కథ అంతే.

ఆ బొమ్మని పాల్ ఫస్కో ఆడించేవాడు. గొంతు కూడా ఆయనదే. టామ్ ప్యాచెట్‌తో కలిసి ఆ షోని తయారుచేసింది కూడా ఆయనే. మరి ఆయన ఎక్కడుండేవాడు? నేల కింద.

నిజంగానే. ఆ ఇంటి సెట్ మొత్తాన్ని స్టూడియో నేలకి సుమారు 4 అడుగుల ఎత్తులో, ఒక పెద్ద వేదిక మీద కట్టారు. హాలు, వంటగది అన్నీ ఆ వేదిక మీదే. దాంట్లో అక్కడక్కడా మూతలున్న కంతలు. ఆల్ఫ్ సోఫా వెనక కనిపించాలంటే అక్కడి మూత తీస్తారు, కింద మనిషి దూరుతాడు. వంటగదిలో కనిపించాలంటే ఇది మూసి అది తీస్తారు. పైన నటులు నడిచే నేలలో గోతులన్నమాట. డైలాగ్ చెప్తూ ఒక అడుగు అటుగా వేస్తే కింద పడాల్సిందే. ప్రతి షాట్‌కీ మూతలు మార్చాలి, కెమెరా మార్చాలి, లైట్లు మార్చాలి. అందుకే అరగంట ఎపిసోడ్ తీయడానికి 20 నుంచి 25 గంటలు పట్టేదట. ఎదురుగా ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి తీసే పద్ధతి ఇక్కడ కుదరదు. మీకు వినిపించే నవ్వులన్నీ తర్వాత కలిపినవే.

ఇంకో సంగతి. ఆ ఒక్క బొమ్మకి ఒక్క మనిషి సరిపోడు. ఫస్కో నోరూ, ఒక చెయ్యీ చూసుకుంటే, లీసా బక్లీ రెండో చేతికి సాయం. కనుబొమ్మలు, చెవులు లాంటివి దూరం నుంచి రిమోట్‌తో కదిలించడానికి బాబ్ ఫాపియానో. ముగ్గురూ ఒకే మనసుతో ఆలోచించాలి. నోరు కోపంగా మాట్లాడుతుంటే కనుబొమ్మ సంతోషంగా లేచిందనుకోండి, బొమ్మకి పిచ్చెక్కినట్టుంటుంది.

మరి ఆల్ఫ్ హాల్లో అటునుంచి ఇటు మొత్తంగా నడుస్తూ కనిపించాడే, అదెలా? మొదట్లో దానికి వేరే మనిషి ఉండేవాడు. హంగరీ నుంచి వచ్చిన సర్కస్ కళాకారుడు మిహాయ్ మెసారోష్. అందరూ మిచు అనేవాళ్లు. ఎత్తు 84 సెంటీమీటర్లు. ఒళ్లంతా బొచ్చున్న ఆ సూట్ తొడుక్కుని, స్టూడియో లైట్ల వేడిలో నడిచేవాడు. చూసేవాళ్లకి రెండు మూడు సెకన్లు. లోపల ఉన్నవాడికి ఉడికిపోవడం. తర్వాత ఆ సూట్ వాడకం బాగా తగ్గించేశారు. ఆల్ఫ్ ఎక్కువగా నడుం దాకానే కనిపించడం మొదలైంది.

చెయ్యి ఇంకా పైనే ఉందా? భుజం దగ్గర కొంచెం మంట మొదలై ఉండాలి. ఉండనివ్వండి.

ఇప్పుడు ఆ చేతితో మాట్లాడిద్దాం. "అమ్మ" అనండి. చేతితో కూడా అనిపించండి. కొత్తవాళ్లు అందరూ చేసే తప్పేంటంటే, మాట అన్నప్పుడు వేళ్లు టక్కున మూసేస్తారు. అప్పుడు బొమ్మ మాట్లాడుతున్నట్టు ఉండదు, దోమల్ని కొరుకుతున్నట్టు ఉంటుంది. అక్షరం పలికేటప్పుడు నోరు తెరుచుకోవాలి. "అ" దగ్గర తెరవాలి, "మ్" దగ్గర మూయాలి, "మ" అనగానే మళ్లీ తెరవాలి. ఇంకో కిటుకు. పైన ఉన్న నాలుగు వేళ్లు లేపకూడదు, బొటనవేలు కిందికి దించాలి. మన దవడ కూడా కిందికే కదా కదిలేది! వేళ్లు లేపితే బొమ్మ తల వెనక్కి పోయి, కళ్లు సీలింగ్ వైపు తిరుగుతాయి. ఎదుటి మనిషిని చూడకుండా మాట్లాడే బొమ్మని ఎవరూ నమ్మరు.

ఇంకా కష్టమైనది ఇంకోటుంది. బొమ్మ మీ తలకన్నా పైన ఉంది. అది ఏం చేస్తోందో మీకెలా తెలుస్తుంది? కింద ఒక చిన్న టీవీ మానిటర్ పెట్టుకుంటారు. కెమెరా చూసేదే అందులో కనిపిస్తుంది. ఈ పద్ధతికి అందరికన్నా ఎక్కువ పేరు తెచ్చింది జిమ్ హెన్సన్. 1955లో వాషింగ్టన్‌లో ఒక లోకల్ టీవీలో 'సామ్ అండ్ ఫ్రెండ్స్' అనే చిన్న షో మొదలుపెట్టాడు. బొమ్మలాటకి వేరే చిన్న స్టేజీ ఎందుకు, టీవీ తెర అంచులే స్టేజీ కదా అన్నట్టు పనిచేశాడు. తెర కింది అంచుకి దిగువన మనిషి ఉంటే చాలు, ఎవరికీ కనపడడు.

కానీ ఆ మానిటర్ అద్దం కాదు. మీ ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి చెయ్యి కుడికి జరపండి. తెర మీద కూడా అటే జరుగుతుంది, అద్దంలోలాగా. మానిటర్‌లో అలా ఉండదు. కెమెరా వైపు తిరిగి నిలబడి చెయ్యి కుడికి జరిపితే, తెర మీద బొమ్మ ఎడమకి పోతుంది. చెయ్యి నొప్పి, డైలాగ్ గుర్తుంచుకోవడం, గొంతు మార్చడం, పైగా ఈ తిరకాసు. ఇదంతా ఒళ్లు అలవాటు పడేదాకా చేయాల్సిందే.

ఇంకో చిన్న సరదా విషయం. హెన్సన్ మప్పెట్ బొమ్మల్లో చాలావరకు ఎడమచేతి వాటమే. ఎందుకో చెప్పండి? ఆడించేవాళ్లలో ఎక్కువమందిది కుడిచేతి వాటం. కష్టమైన పని నోటిది కాబట్టి కుడి చెయ్యి తలలోకి పోతుంది. మిగిలిన ఎడమ చెయ్యే బొమ్మ చెయ్యి అవుతుంది. అంటే బొమ్మ అలవాటు చూసి కింద ఉన్న మనిషి అలవాటు చెప్పేయొచ్చు.

హెన్సన్ 1990 మేలో చనిపోయాడు. ఆయనకి వచ్చిన ఆలోచనతోనే 1991లో ఏబీసీలో 'డైనోసార్స్' అని ఇంకో సిట్‌కామ్ వచ్చింది. అందులో కుటుంబం మొత్తం డైనోసార్లే. నాన్న ఎర్ల్ పాత్ర చూడండి. సూట్ లోపల ఉండి నడిచేది బిల్ బరెట్టా. గొంతు స్టువర్ట్ పాంకిన్. ముఖంలో మోటార్లని రేడియో రిమోట్‌తో కదిలించేది ఇంకొకరు. ఒక నాన్న తయారవ్వడానికి ముగ్గురు మనుషులు. ఇంట్లో చంటి డైనోసార్ మాత్రం చేతితో ఆడించే బొమ్మే. దాని గొంతు, నోరు కెవిన్ క్లాష్.

ఇప్పుడు చెయ్యి దించేయండి. హమ్మయ్య! ఎంతసేపు ఉంచారో కామెంట్లో నిజం చెప్పండి. నేను చదవడం మొదలుపెట్టి రెండు పేరాలకే దించేశాను.

ఇదంతా నాకెందుకు ఇంత పట్టింది అంటే, దాని వెనక నా కథ ఒకటుంది.

డిగ్రీ రెండో సంవత్సరంలో మా కాలేజీ వార్షికోత్సవానికి ఒక బొమ్మ స్కిట్ వేశాను. పాత ఊలు సాక్సు, రెండు చొక్కా గుండీలు. పేరు బుడంకాయ. నేను హాస్టల్ వార్డెన్‌ని, బుడంకాయ గోడ దూకే స్టూడెంట్. టేబుల్‌కి దుప్పటి కట్టి, దాని కింద మా పిన్ని కొడుకుని కూర్చోబెట్టాను. అప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడు. స్కిట్ 12 నిమిషాలు. నేను పైన నిలబడి చేతులు ఊపుతూ డైలాగులు చెప్పాను. వాడు కింద గొంతుక్కూర్చుని చెయ్యి పైకెత్తి ఉంచాడు.

ఎనిమిదో నిమిషం దగ్గర బుడంకాయ తల మెల్లగా వాలిపోవడం మొదలైంది. నేను గబుక్కున "ఏంట్రా, నా ముందే నిద్రపోతున్నావా?" అన్నాను. కింద నుంచి, స్కిట్‌లో లేని డైలాగ్ వచ్చింది. "నిద్ర కాదు మేడం, చెయ్యి పడిపోతోంది!" హాలంతా ఒకటే నవ్వు. అదే ఆ రోజు అన్నిటికన్నా పెద్ద నవ్వు. మొదటి బహుమతి మాకే వచ్చింది. మాకే అన్నాను కానీ, మైకులో పిలిచింది నా పేరు ఒక్కటే. స్టేజీ మీదకి వెళ్లిందీ నేనే. ఫోటోలో నేనూ, నా చేతిలో బుడంకాయా.

తెర వెనక్కి వచ్చేసరికి వాడు భుజం నొక్కుకుంటూ కూర్చున్నాడు. నన్ను చూసి ఒకటే అడిగాడు. "అక్కా, బాగా వచ్చిందా? నాకు దుప్పటి తప్ప ఏం కనపడలేదు."

ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. అంతమందిని నవ్వించినవాడు, ఎందుకు నవ్వుతున్నారో తాను చూడలేదు. వాడికి మానిటర్ కూడా లేదు. తర్వాత ఆ వీడియోని నేను యూట్యూబ్‌లో పెట్టాను. కింద రచన, దర్శకత్వం, నటన అన్నీ నా పేరే రాసుకున్నాను. వాడి పేరు రాయాలని తట్టను కూడా తట్టలేదు. కావాలని చేశానా అంటే, కాదు. కానీ అదే ఇంకా బాధ. నాకే కనపడలేదు వాడు.

మన దగ్గర తోలుబొమ్మలాటలోనూ ఈ పనే ఉంది. తెల్లటి తెర వెనక నిలబడి, బొమ్మని తెరకి ఆనించి ఆడిస్తూ, పద్యం పాడుతూ, కాళ్ల కింద చెక్క తొక్కి చప్పుడు చేస్తారు. రామాయణం మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి జనాన్ని నవ్వించిపోతారు. కేతిగాడు అందరికీ తెలుసు. ఆడించినవాళ్లు ఎంతమందికి తెలుసు? నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అలా తెర ముందుకి పేరు వచ్చినవాళ్లు తక్కువ.

అయితే, పైన నిలబడిన మనిషిది సుఖం అనుకోకండి. ఆల్ఫ్‌లో ఇంటి పెద్ద విల్లీగా వేసిన మ్యాక్స్ రైట్ నాటకాల నుంచి వచ్చిన మంచి నటుడు. రోజుల తరబడి ఒక బొచ్చు బొమ్మ గుండు కళ్లలోకి చూస్తూ, దాని జోకులకి విసుక్కుంటూ నటించాడు. మంచి జోకులన్నీ బొమ్మవే. అది ముగిసినందుకు సంతోషించానని తర్వాత ఆయనే దాచుకోకుండా చెప్పాడు. జనానికి అది ఆనందం ఇచ్చిందని కూడా ఒప్పుకున్నాడు. ఆయన విల్లీగా నిజంగా కోప్పడ్డాడు కాబట్టే ఆల్ఫ్ బతికున్నట్టు అనిపించాడు. కింద చెయ్యి ఎంత బాగా ఆడినా, పైన మనిషి నమ్మి దాని కళ్లలోకి చూడకపోతే అది సాక్సే. పైన మనిషి ఎంత నమ్మినా, కింద చెయ్యి దిగిపోతే అదీ సాక్సే. ఇద్దరూ మోస్తేనే బొమ్మ బతుకుతుంది.

మొన్న ఈ ఎపిసోడ్ రాస్తూ మా తమ్ముడికి ఫోన్ చేశాను. "ఇన్నేళ్ల తర్వాత నీ పేరు చెప్తున్నారా, సారీ కూడా చెప్తున్నా" అన్నాను. వాడు నవ్వాడు. "పేరు వద్దులే అక్కా. ఆఫీసులో అందరూ బుడంకాయ అని పిలుస్తారు. ఆ వీడియో ఉంటే పంపు. నేను ఇప్పటిదాకా పూర్తిగా చూడలేదు" అన్నాడు.

పంపాను. వాడి పేరు చెప్పట్లేదు, వాడి మాట ప్రకారం. కానీ ఆ వీడియో కింద ఒక లైను మార్చాను. "బుడంకాయ: మా తమ్ముడు" అని.

ఈసారి ఏ బొమ్మ కామెడీ చూసినా ఒక్కసారి తెర కింది అంచు వైపు చూడండి ఫ్రెండ్స్. ఎవరూ కనపడరు. ఉంటారు. మీ వీడియోల్లో కెమెరా పట్టుకున్న ఫ్రెండ్, లైట్ పట్టుకున్న చెల్లి ఎవరైనా ఉంటే, ఇవాళే వెళ్లి వాళ్ల పేరు రాయండి. వద్దంటే సరే, కనీసం అడగండి.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. భుజం నొప్పి ఉంటే కొంచెం కొబ్బరినూనె రాసుకోండి. ఉంటాను.