నలుపు చేసిన పని

తెర మీద మీరు చూస్తున్నది శిల్పి లూయీస్ నెవెల్సన్ 1958లో న్యూయార్క్‌లో చేసిన 'స్కై కెథెడ్రల్'. ఎత్తు 11 అడుగుల పైచిలుకు, వెడల్పు 10 అడుగులు, లోతు మాత్రం అడుగున్నరే. మూతల్లేని చెక్కపెట్టెలను గోడలా పేర్చి, వాటిలో చెక్కముక్కలు అమర్చారు. అంతటికీ ఒకే నలుపు పూశారు, మెరుపు లేని నలుపు.

ఆ ముక్కలెక్కడివి? ఆమె ఉంటున్న పేటలో పాత ఇళ్లు కూలగొడుతున్న రోజులవి. కుర్చీ కోళ్లు, మెట్ల కమ్మీల కర్రలు, గోడ అంచుల నగిషీ పట్టీలు వీధిలో పడుంటే ఇంటికి మోసుకొచ్చేవారు. కలపతో చనువు చిన్ననాటిదే. 1899లో ఇప్పటి ఉక్రెయిన్‌లో పుట్టి, 1905లో అమెరికాలోని రాక్‌లాండ్ చేరారు. అక్కడ తండ్రిది కలప వ్యాపారం. ఈ నల్లగోడలతో పేరొచ్చేసరికి ఆమెకు అరవై దగ్గరపడ్డాయి.

చెత్తకు ప్రాణం పోశారని ఆమెను మెచ్చుకుంటుంటారు. నాకా మాట సరిపోదనిపిస్తుంది. ఏరుకురావడం ఎవరైనా చేస్తారు. కుర్చీ కోడును కుర్చీ కోడని మరిపించడం కష్టం. రంగు వేయకుండా పెడితే దాని గీతలూ మరకలూ చూసి, ఇదెవరి కుర్చీయో, ఎలా విరిగిందో అని మన మనసు కథలోకి పోతుంది. నలుపు ఆ దారి మూసేస్తుంది. ఇక మిగిలేది ఒక వంపు, ఒక అంచు, ఆ వెనక పెట్టెలో పడ్డ నీడ. అందుకే ఇది నైరూప్య కళ. తెరమీద ఏదో ఒక్క పెట్టెను ఎంచుకుని కాసేపు చూడండి. ముక్క ఎక్కడ ఆగిందో, నీడ ఎక్కడ మొదలైందో చెప్పలేరు. తాను నీడల వాస్తుశిల్పినని ఆమె చెప్పుకున్నది ఇందుకే. నలుపును శోకంగా చూడొద్దని నా మనవి. అందులో అన్ని రంగులూ ఉన్నాయని ఆమె నమ్మారు.

మరుసటి ఏడు, 1959లో, న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో 'డాన్స్ వెడ్డింగ్ ఫీస్ట్' (వేకువ పెళ్లివిందు) పెట్టారు. ఈసారి అంతా తెలుపు! గది నిండా నిలువెత్తు స్తంభాలు, గోడలు. మొత్తాన్నీ కలిపి ఎవరైనా కొంటారని ఆశపడ్డారు, ఎవరూ కొనలేదు. దాన్ని విడదీశారు. కొన్ని భాగాలను తర్వాతి శిల్పాల్లో వాడుకున్నారు, కొన్ని ఇప్పుడు వేర్వేరు మ్యూజియాల్లో ఉన్నాయి. కూల్చిన ఇళ్ల నుంచి తెచ్చిన కలపను ఎలా వాడారో, తన సొంత శిల్పాన్నీ అలాగే వాడారు.